కేసులో మనవాడే ఉంటే

పోయిన సంచికలో నైట్ డ్యూటీల గురించి రాస్తూ మధ్యలో మాటవరసకి ఒక్క లైను రాశాను, పోలీసోడికి దొంగతో కన్నా చుట్టంతోనే కష్టం అని. వ్యాసం మొత్తానికి రానన్ని ఉత్తరాలు ఆ ఒక్క లైనుకి వచ్చాయి. రాసినవాళ్లలో సగం మంది డిపార్ట్‌మెంట్ వాళ్లే, మిగతావాళ్లు వాళ్ల భార్యలు, తమ్ముళ్లు, ఒకావిడైతే అత్తగారు. పేర్లు తీసేసి, ఎవరో గుర్తుపట్టేలా ఉన్న సంగతులు కాస్త మార్చి కొన్ని తీసుకున్నా. నేను సీఐగా రిటైరైన వాణ్ణి, లాయర్ని కాదు, సెక్షన్లు చెప్పిన చోట మీ లాయర్ని కూడా ఓ మాట అడిగి చూసుకోండి.

ప్రశ్న: సార్, నేను కానిస్టేబుల్ ని. రాత్రి పదకొండు దాటాక మా తమ్ముడు బైక్ మీద వస్తూ నడిచి పోతున్న ఒకాయన్ని గుద్దేసి, భయమేసి ఆపకుండా ఇంటికొచ్చేశాడు. బండి ఇంటి వెనకాల టార్పాలిన్ కప్పి పెట్టాం. ఆయన బతికే ఉన్నాడు, కాలు విరిగిందట. కేసు మా స్టేషన్ లోనే అయింది, గుర్తుతెలియని వాహనం అని రాశారు. అమ్మేమో నువ్వు పోలీసువై ఉండి సొంత తమ్ముణ్ణి కాపాడుకోలేవా అని ఒకటే ఏడుపు. నేనేం చెయ్యాలి సార్?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం మీద నంబరు ఉంది కాబట్టి అందిన రోజే ఫోన్ చేసి చెప్పేశా, పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదిది. ఇక్కడ రాస్తున్నది మిగతావాళ్ల కోసం.

నీ ఉత్తరంలో నాకు భయమేసిన మాట "గుద్దేసి" కాదు, "కప్పి పెట్టాం" అన్నావు చూడు, అది. గుద్దింది వాడు, కప్పింది మీరంతా. ఆ టార్పాలిన్ కప్పిన నిమిషం దాకా నువ్వు ఒక నిందితుడికి అన్నవి మాత్రమే, ఆ తర్వాత ఏమవుతావో నీకు నేను చెప్పక్కర్లేదు, ట్రైనింగ్ లో చదువుకునే ఉంటావు. పైగా దాచినా దాగదు, యాక్సిడెంట్ కేసుల్లో రోడ్డు మీద దొరికే ఇండికేటర్ పెంకు ఇంత ముక్క ఉంటుంది, గోరంత, దాన్ని కవర్లో వేసి సీల్ చేసి పంపిస్తే, తర్వాతెప్పుడో బండి దొరికినప్పుడు దానికి మిగిలిన పగులు పక్కన పెడితే పగిలిన గాజు మళ్లీ అతికినట్టు అంచుకి అంచు కూర్చుంటుంది. నేను రెండుసార్లు కళ్లారా చూశా. హెడ్‌లైట్ మార్పించేద్దాం అని ఇంట్లో ఎవరైనా అంటే అది ఇంకో కేసు, సాక్ష్యం మాయం చేయడం, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 238.

యాక్సిడెంట్ చేసిన డ్రైవర్ దెబ్బ తగిలినవాడికి వైద్యం అందేలా చూడాలి, అక్కడ పోలీసులు లేకపోతే దగ్గర్లో ఉన్న స్టేషన్ లో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లో 24 గంటల్లోపు చెప్పాలి అని మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 134 లోనే ఉంది. టైం దాటిపోయినా సరే వాడంతట వాడు లాయర్ని తీసుకుని వెళ్లడం వేరు, మనవాళ్లు వెతుక్కుంటూ వచ్చి టార్పాలిన్ ఎత్తడం వేరు.

ఇప్పుడు నీ సంగతి. నా సర్వీసులో నాకు నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. ఒంటి మీద యూనిఫాం లేకపోయినా ఈ పని నేను చెయ్యగలనా? చెయ్యగలిగేదైతే అది అన్నగా చేస్తున్నట్టు, నిక్షేపంగా చెయ్యి. లాయర్ని పెట్టు, ఫీజు కట్టు, తమ్ముడి పక్కన నడిచి స్టేషన్ మెట్ల దాకా వెళ్లు, కోర్టు బయట రోజంతా నిలబడు, దెబ్బ తగిలినాయన ఆసుపత్రి ఖర్చు ఇంటిల్లిపాదీ కలిసి పెట్టుకోండి (అదీ లాయర్ ద్వారానే, సాక్షిని కొన్నారన్న మాట రాకుండా). వీటిల్లో దేనికీ యూనిఫాం అక్కర్లేదు. కానీ సీసీ కెమెరా ఫుటేజీలో ఏం కనపడిందో కనుక్కోవడం, స్టేషన్ లో కేసు కాగితాలు రాసే రైటర్ ని పక్కకి పిలిచి ఆ కేసు కాస్త నెమ్మదిగా నడిపించమనడం, ఇవి నువ్వు పోలీసువి కాబట్టి మాత్రమే చెయ్యగలిగేవి, వాటి జోలికి పోకు. ఒకరిని శిక్ష నుంచి తప్పించాలని చట్టం చెప్పిన పని చెయ్యని ప్రభుత్వోద్యోగికి బీఎన్ఎస్ 255 కింద రెండేళ్ల దాకా, అందుకోసం రికార్డే తప్పు రాస్తే 256 కింద మూడేళ్ల దాకా పడుతుంది.

ఇది నా సొంత తత్వమేమీ కాదు. జర్మనీ శిక్షాస్మృతిలో 258 అని ఒక సెక్షన్ ఉంది, నేరం చేసినవాణ్ణి శిక్ష పడకుండా తప్పించడం నేరం అంటుంది, కానీ అందులోనే ఆరో క్లాజులో సొంత మనిషి కోసం చేస్తే శిక్ష లేదు అని రాసుకున్నారు, తల్లయినా తమ్ముడైనా సరే. రక్తసంబంధం దగ్గర మనిషి బలహీనుడే అని చట్టమే ఒప్పుకుందన్నమాట. ఆ వెంటనే 258ఎ వస్తుంది, అదే పని కేసు చూడాల్సిన అధికారి చేస్తే ఏంటి అని, అక్కడ మూడో క్లాజులో ఆ చుట్టరికం మినహాయింపు వర్తించదు అని కొట్టేశారు. అమ్మకి క్షమాపణ ఉంది, ఆ కేసులో డ్యూటీలో ఉన్న కొడుక్కి లేదు. మన చట్టం అమ్మ విషయంలో ఇంకా కఠినం, నేరస్తుడికి ఆశ్రయమివ్వడం నేరమనే బీఎన్ఎస్ 249 లో మినహాయింపు భార్యాభర్తలకి మాత్రమే, తల్లికీ తండ్రికీ అన్నదమ్ములకీ లేదు. చాలామంది పోలీసులకే ఇది తెలీదు, తల్లి కదా అని వదిలేస్తుంటారు, వదిలెయ్యడం వేరు చట్టంలో ఉండడం వేరు.

అందుకని ఆలస్యం చెయ్యకుండా మీ ఎస్ఐ ని కలిసి నోటితో చెప్పు, చెప్పి ఊరుకోకు, కాగితం మీద రాసివ్వు. ఫలానా కేసులో అనుమానితుడు నా తమ్ముడు, ఫలానా టైంకి నాకు తెలిసింది, బండి ఫలానా చోట ఉంది, ఈ కేసు పనుల్లో నన్ను పెట్టొద్దు అని నాలుగు లైన్లు. స్టేషన్ లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో ఎంట్రీ పడిందో లేదో చూసుకో, ఆ డైరీ 1861 పోలీసు చట్టం నాటి నుంచీ ఉంది, రేపు ఎంక్వైరీ వస్తే నీ తరఫున మాట్లాడేది ఆ ఎంట్రీ ఒక్కటే. రెండ్రోజులు ఆలస్యమైంది కాబట్టి మెమో రావచ్చు, రానీ.

అమ్మతో ఏం చెప్పాలి అంటే, ఉన్నదే చెప్పు. నేను దాస్తే నీకు ఇద్దరు కొడుకులూ కేసులో ఉంటారమ్మా, చెప్తే ఒక్కడే, ఇంకొకడు బయట ఉండి లాయర్ చుట్టూ తిరుగుతాడు. మా కాలంలో ఈ మాట బాగానే పనిచేసేది.

ప్రశ్న: మా వారు ఎస్ఐ. మా అన్నయ్య ఒక గొడవలో ఎవరినో కొట్టాడని మా వారే స్వయంగా కేసు రాసి, స్వయంగా వెళ్లి అరెస్ట్ చేసి తీసుకొచ్చారు. మా పుట్టింటి వాళ్లు నాతో మాటలు మానేశారు. ఈయనేమో బావమరిదైనా వదల్లేదని పై ఆఫీసర్లు మెచ్చుకున్నారని మురిసిపోతున్నారు. తప్పెవరిదండీ?

జవాబు: అమ్మా, కొట్టిన తప్పు మీ అన్నయ్యది, అందులో డౌట్ లేదు. కానీ మీ వారు కూడా, నిజాయితీపరులే అయినా, పద్ధతి తప్పారనే నేనంటాను, మెచ్చుకున్న ఆ పై ఆఫీసర్లు ఎవరో వాళ్లకి ఓ దండం.

ఫిర్యాదు వచ్చింది, తీసుకోవాలి, అది నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టాలి, 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ స్పష్టంగా చెప్పింది. అక్కడి దాకా ఆయన చేసింది కరెక్టే. కట్టిన మరుక్షణం ఆ ఫైలు సీఐ టేబుల్ మీద పెట్టి, సార్ ఇతను నా బావమరిది, దర్యాప్తు ఇంకొకరికి ఇవ్వండి అనాల్సింది. సర్కారు ఉద్యోగుల ప్రవర్తన నియమావళి ఊరికే ఉందా? 1964 నాటి సెంట్రల్ రూల్స్ లో నాలుగో రూల్ చూడండి, తనకో తన కుటుంబ సభ్యులకో ఆసక్తి ఉన్న వ్యవహారం టేబుల్ మీదకి వస్తే తానే తేల్చకుండా పై అధికారికి పంపాలి అంటుంది. అది సెంట్రల్ ఉద్యోగులకి రాసింది, కుటుంబం అంటే ఎవరెవరు అని లాయర్లు వాదించుకోవచ్చు కూడా, దాని వెనకున్న బుద్ధి మాత్రం అందరికీ ఒకటే.

ఎందుకంటే చుట్టం కేసు చూసేవాడు రెండు రకాలుగా తప్పు చేస్తాడు. ఒకటి అందరికీ తెలిసిందే, మెత్తబడతాడు. రెండోది ఎవరూ మాట్లాడరు, మెత్తబడ్డానని ఎక్కడ అంటారో అని అవసరానికి మించి బిగుస్తాడు. వేరేవాడైతే నోటీసిచ్చి పంపించే చోట బావమరిదిని జీపెక్కిస్తాడు. మీ అన్నయ్యకి రెండోది జరిగిందా అంటే నేను చెప్పలేను, కానీ మీ పుట్టింటి వాళ్లకి ఆ అనుమానం ఎప్పటికీ పోదు, రేపు కోర్టులో డిఫెన్స్ లాయర్ మొదటి ప్రశ్న కూడా అదే వేస్తాడు, ఇంట్లో పాత గొడవలేమైనా ఉన్నాయా ఎస్ఐ గారూ అని.

ఇలాంటివాళ్లని పొగిడే అలవాటు ఈనాటిది కాదులెండి. క్రీ.పూ. 509లో రోమ్ రిపబ్లిక్ మొదలైనప్పుడు మొదటి కాన్సుల్, అంటే రాజు బదులు వచ్చిన పాలకుడు, బ్రూటస్ (సీజర్ ని పొడిచినాయన కాదు, ఈయన చాలా ముందువాడు), పాత రాజుతో కలిసి కుట్ర చేశారని తన ఇద్దరు కొడుకులకీ తనే మరణశిక్ష వేయించి, అమలు చేస్తుంటే నిలబడి చూశాడని రోమన్లు తరతరాలుగా చెప్పుకున్నారు. దీనికి పూర్తిగా తిరగేసి చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ చెప్పాడు, గొర్రెని దొంగిలించిన తండ్రిని పట్టిచ్చినవాణ్ణి మీరు నిజాయితీపరుడంటారు, మా దగ్గరైతే తండ్రిని కొడుకు, కొడుకుని తండ్రి దాచుకోవడంలోనే నిజాయితీ ఉంది అని. ఆ ఆలోచన ఇంకా చావలేదు, చైనాలో 2012లో క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సవరించినప్పుడు నిందితుడి భార్యని, భర్తని, తల్లిదండ్రులని, పిల్లల్ని సాక్ష్యానికి బలవంతంగా కోర్టుకి రప్పించకూడదని పెట్టారు. సరే, నాకు ఈ రెండు కథలూ నచ్చవు. బ్రూటస్ జడ్జి కుర్చీలోంచి లేచి ఇంకో కాన్సుల్ ని కూర్చోమని ఉంటే? అప్పట్లో కాన్సుళ్లు ఇద్దరుండేవాళ్లు కదా, పక్కనే ఉన్నాడు ఆయన.

మీరు మాత్రం మధ్యలో నలగకండి. పుట్టింటికి వెళ్లండి, అన్నయ్యని చూడండి, కేసు గురించి అక్కడ మీ వారి మాటలు చెప్పొద్దు, ఇక్కడ వాళ్ల మాటలు చెప్పొద్దు. ఇప్పటికైనా దర్యాప్తు మార్చమని మీ వారే పైకి రాసుకుంటే మంచిది, ఛార్జిషీటు ఇంకా పడలేదంటే టైం ఉన్నట్టే.

ప్రశ్న: మా మేనమామ, తన కొడుకు మీద ఎక్కడో ఏదో కేసు ఉందని, వారెంట్ వచ్చిందో లేదో కంప్యూటర్లో ఒక్కసారి చూసి చెప్పమంటున్నాడు. చూడడమే కదా, అరెస్ట్ ఆపమనట్లేదు కదా, ఇందులో తప్పేముంది? నేను స్టేషన్ లో కంప్యూటర్ పనే చూస్తాను.

జవాబు: చూడకు. చూసినా చెప్పకు. నీ లాగిన్ తో తెరిచిన ప్రతిదానికీ నీ పేరు పడుతుంది, అది భయపెట్టడానికి చెప్పేది, అసలు కారణం వేరే.

అమెరికాలో బోస్టన్ లో వైటీ బల్జర్ అని ఒక గ్యాంగ్‌స్టర్, వాణ్ణి ఇన్ఫార్మర్ గా పెట్టుకున్న ఎఫ్‌బీఐ ఏజెంట్ జాన్ కానలీ, ఇద్దరూ చిన్నప్పుడు ఒకే పేట. కానలీ 1990లో రిటైరైపోయాడు, అయినా 1994 చివర్లో నీ మీద ఛార్జీలు రాబోతున్నాయని వాడి చెవిన వేశాడు. నువ్వు అడుగుతున్నావే, అదే, ఒక్క మాట. బల్జర్ పారిపోయి పదహారేళ్లు దొరకలేదు, 2011లో కాలిఫోర్నియాలో పట్టుకున్నారు, మీద పడ్డవి మామూలు కేసులు కాదు, హత్యలు. కానలీకి 2002లో దోషిగా తేలి పదేళ్లు పడ్డాయి, తర్వాత ఇంకో లీకు వల్ల ఒక మనిషి ప్రాణం పోయిందని 2008లో ఫ్లోరిడాలో హత్య కేసులోనే దోషిగా తేలాడు. బల్జర్ తమ్ముడు విలియం సంగతి ఇంకా చిత్రం, ఆయన రాష్ట్ర సెనేట్ ప్రెసిడెంట్ గా చేసినాయన, అన్న పారిపోయిన కొత్తల్లో ఫోన్లో మాట్లాడాడు, ఎక్కడున్నాడో చెప్పలేదు, అన్నని పట్టివ్వడం నా బాధ్యత అనుకోలేదు అన్నాడు, చివరికి 2003లో యూనివర్సిటీ ప్రెసిడెంట్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆయన పోలీసు కాదు కాబట్టి పదవితో పోయింది.

1979లో ఐక్యరాజ్యసమితి పోలీసుల కోసం ఒక ప్రవర్తనా నియమావళి ఆమోదించింది, నాలుగో ఆర్టికల్ అంతా ఇదే, డ్యూటీ వల్ల నీ దగ్గరికొచ్చిన రహస్యం డ్యూటీకో న్యాయానికో తప్పనిసరైతే తప్ప బయటికి పోకూడదు. నీకు వారెంట్ చూడగలిగే కుర్చీ ఇచ్చింది ఆ కేసులో ఫిర్యాదు చేసినవాడి తరఫున కూడా. మేనమామకి లాయర్ ఉంటాడు, కోర్టు రికార్డులు లాయర్ చూసుకుంటాడు, అదే చెప్పు. కోపమొస్తుంది, మూడు నెలలు మాట్లాడడు, తర్వాత వాళ్లింట్లో ఇంకేదో పని పడి తనే ఫోన్ చేస్తాడు, రాసిపెట్టుకో.

ప్రశ్న: నా భర్త పోలీసు. తాగొచ్చి కొడతాడు. రెండుసార్లు స్టేషన్ కి వెళ్లాను, అక్కడందరూ ఆయన్ని అన్నా అన్నా అంటారు, నన్ను వదినా అని కూర్చోబెట్టి టీ ఇచ్చి, అన్నకి మేం చెప్తాం వదినా మీరు ఇంటికెళ్లండి అని పంపేశారు. మూడోసారి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, ఆ టీ ఇచ్చినవాళ్లు. మిగతా ఉత్తరాల్లో రక్తసంబంధం డ్యూటీకి అడ్డం పడుతోంది, నీ ఉత్తరంలో డిపార్ట్‌మెంటే ఒక కుటుంబమైపోయి అడ్డం కూర్చుంది. వదినా అన్న పిలుపుతో నీ ఫిర్యాదుని ఇంటి గొడవగా మార్చేశారు, చాలా తెలివైన పని, మా కాలంలో మేమూ చేశాం, ఇప్పుడు చెప్పుకోవడానికి నాకూ బాగాలేదు.

ఆ స్టేషన్ కి మళ్లీ వెళ్లాల్సిన పనిలేదు. ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్ లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు చూడు, అదే. వాళ్లూ కట్టకపోతే ఫిర్యాదు రాసి ఎస్పీకి పోస్టులో పంపు, రసీదు దాచుకో, అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లొచ్చు. భార్యాభర్తల విషయం కాబట్టి ముందు విచారణ చేసుకుంటాం అని వాళ్లు అనొచ్చు, కొంతవరకు అనుమతి ఉంది, కానీ విచారణ పేరుతో నెలలు లాగడానికి లేదు.

అసలు పోలీసులతో సంబంధం లేని దారి ఇంకోటి ఉంది, నీకు అదే ముందు చెప్తున్నా, 2005 గృహహింస చట్టం. ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా గానీ, నేరుగా నువ్వే గానీ మెజిస్ట్రేట్ కి అర్జీ పెట్టుకోవచ్చు, మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వెయ్యాలని చట్టంలోనే ఉంది, నిన్ను ఇంట్లోంచి గెంటకుండా, నీ దగ్గరికి రాకుండా ఆర్డర్లు ఇస్తారు. ఆ ఆర్డర్ దాటితే అది నేరం, అప్పుడు అన్నా వదినా అని టీ ఇచ్చే అవకాశం ఎవరికీ ఉండదు. 181కి ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో చెప్తారు. దెబ్బలు తగిలిన రోజే గవర్నమెంట్ ఆసుపత్రిలో చూపించుకుని కాగితం తీసుకో, ఇది మర్చిపోవద్దు.

ఆయన దగ్గర సర్వీస్ వెపన్ ఉందా? నువ్వు రాయలేదు. ఉంటే అర్జీలో మొట్టమొదటి లైను అదే ఉండాలి. 1996లో అమెరికా వాళ్లు ఒక చట్టం తెచ్చారు, ఇంట్లోవాళ్లని కొట్టిన నేరం రుజువైనవాడు తుపాకీ పట్టుకోకూడదని, మామూలుగా తుపాకీ చట్టాల్లో పోలీసులకి డ్యూటీ పేరుతో మినహాయింపు ఉంటుంది, ఇందులో మాత్రం ఇవ్వలేదు, తుపాకీ లేకపోతే ఉద్యోగమే పోతుందని ఎంత మొత్తుకున్నా ఇవ్వలేదు.

ప్రశ్న: నేను పోలీసు కాదు, మాది పోలీసు కుటుంబమూ కాదు. మా అన్నయ్య ఈ మధ్య ఎవరెవరినో చంపేయాలి అన్నట్టు పేజీలకి పేజీలు రాస్తున్నాడు. కొన్ని పేపర్లో వచ్చిన సంఘటనలతో కలుస్తున్నాయి. చెప్తే అన్నని నేనే జైలుకి పంపినట్టు, చెప్పకపోతే ఎవరికైనా ఏమైనా అయితే?

జవాబు: ఇవాళో రేపో ఎవరికో ఏదో జరుగుతుందని నీకు గట్టిగా అనిపిస్తే చదవడం ఆపేసి 112 కి ఫోన్ చెయ్యి. అంత తొందర లేదు అనిపిస్తే మిగతాది చదువు.

నీ పరిస్థితిలోనే ఉన్న ఒకాయన ఉన్నాడు, డేవిడ్ కజిన్‌స్కీ. 1978 నుంచి 1995 దాకా అమెరికాలో పోస్టులో బాంబులు పంపి ముగ్గుర్ని చంపి ఇరవై మందికి పైగా గాయపరిచిన మనిషి రాసిన పెద్ద వ్యాసం 1995 సెప్టెంబరులో పేపర్లో వేశారు. మీ అన్న రాసినట్టు లేదూ అని ముందు అన్నది డేవిడ్ భార్య, ఆయన నమ్మలేదు, చదివాడు, అన్న పాత ఉత్తరాలు తీసి పక్కన పెట్టుకుని చూశాడు. వెంటనే పోలీసుల దగ్గరికి పరిగెత్తలేదు, ఒక లాయర్ ద్వారా వెళ్లాడు, నా పేరు బయటికి రానివ్వొద్దు అన్నాడు, అన్నని చంపేలా పట్టుకోవద్దు అన్నాడు. 1996 ఏప్రిల్ 3న అన్నని ప్రాణాలతోనే పట్టుకున్నారు, పేరు మాత్రం లీకైంది. ప్రభుత్వం మరణశిక్ష అడుగుతుంటే డేవిడ్ అన్న ప్రాణం కోసం గట్టిగానే పోరాడాడు, చివరికి 1998లో నేరం ఒప్పుకున్నాక యావజ్జీవం పడింది. బహుమతి కింద వచ్చిన పది లక్షల డాలర్లలో ఖర్చులు పోగా మిగిలింది బాధితుల కుటుంబాలకి ఇచ్చేశాడు. అన్న మాత్రం 2023లో జైల్లో చనిపోయేదాకా తమ్ముడితో మాట్లాడలేదు.

ఆ చివరి వాక్యం నీ దగ్గర దాచడం నాకు ఇష్టం లేదు, అందుకే రాశా. నువ్వూ ముందు లాయర్ని కలువు, ఆ కాగితాలు చింపొద్దు, కాల్చొద్దు. నీది అనుమానమే అయ్యుండొచ్చు, అన్నయ్యకి కావాల్సింది డాక్టరే అయ్యుండొచ్చు, అది తేలాలన్నా ఎవరో ఒకరికి చూపించాల్సిందే.

ప్రశ్న: ఊరికే సలహాలు చెప్తారు సరే, మీ సర్వీసులో మీ వాళ్లెవరూ కేసుల్లో ఇరుక్కోలేదా? అప్పుడు మీరేం చేశారు?

జవాబు: ఇరుక్కున్నారు. మా అక్క కొడుకు, అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు, ఇంకో కుర్రాడితో కలిసి ఒక దొంగతనం కేసులో దొరికాడు. నా స్టేషన్ కాదు, వేరే చోట. అక్క రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి, కేసు తీసెయ్యమని అడగట్లేదు రా, వాణ్ణి కొట్టకుండా చూడు చాలు అంది.

కొట్టొద్దు అని అడగడంలో తప్పేముంది, చట్టం చెప్పిందే కదా నేనూ అడుగుతున్నది అనుకున్నా. ఆ స్టేషన్ ఎస్ఐ నాకు జూనియర్. ఫోన్ చేసి, కేసు సంగతి నేను అడగను, ఆ అబ్బాయి నా మేనల్లుడు, ఒంటి మీద చెయ్యి పడకూడదు, అంతే అన్నాను. సరే సార్ అన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, ఒక్క రూలూ తప్పకుండా మామ పని చేసుకున్నానని.

పొద్దున కోర్టు దగ్గరికి వెళ్లా, సివిల్ డ్రెస్ లోనే. జీపు దిగాడు మావాడు, జుట్టు కూడా చెదరలేదు. వాడి వెనక రెండో కుర్రాడు దిగాడు, కుడిచేతి మూడు వేళ్లకి కట్టు, గుడ్డ ఏదో చింపి కట్టినట్టుంది, మెట్టు దిగడానికి జీపు తలుపు ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఇద్దరిదీ ఒకే కేసు, ఒకే రాత్రి, ఒకే గది. వాడి కోసం ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఇద్దర్నీ కొట్టొద్దు అనడానికి నాకు ఎంతసేపు పట్టేది? ఇంకో రెండు మాటలు. నా నోటికి రాలేదు, ఎందుకంటే ఆ టైంలో నేను ఆఫీసర్ గా మాట్లాడట్లేదు, ఆఫీసర్ ఫోన్లోంచి మామ మాట్లాడుతున్నాడు. ఇందాక నేను చెప్పిన యూనిఫాం లెక్క పెట్టుకుంది ఆ తర్వాతే. మెజిస్ట్రేట్ అడిగితే కింద పడ్డానండి అన్నాడు ఆ పిల్లాడు. నేను వెనక నిలబడి విన్నా, ఏమీ అనలేదు.

బయటికొచ్చాక వాళ్ల నాన్న అనుకుంటా, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు, నన్ను పోలీసు అని ఎలా కనిపెట్టాడో మరి, దగ్గరికొచ్చి, సార్ ఆ పెద్దబ్బాయికి మీరేమవుతారండి అని అడిగాడు.